మన ఇంటికి పియానో: అరవై ఒకటా, ఎనభై ఎనిమిదా?

ఈ గ్రూపులో హాస్టల్ సీట్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి చానా రాసుకున్నాం. ఈసారి మేం రాసేది ఒక వస్తువు గురించి. మా ఇంట్లో డిజిటల్ పియానో కొన్నామని తెలిసినప్పటి నుంచి ఉదయగిరి వైపు కాలనీల నుంచి, ఆత్మకూరు చుట్టుపక్కల నుంచి మనోళ్ళు అడగతానే ఉన్నారు. ఎంతయింది, ఏ కంపెనీ, చర్చిలో ఉండే కీబోర్డు లాంటిదే కదా దీనికి అంత డబ్బు ఎందుకు అని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాం. కొనాలనుకునే వాళ్ళకు పనికొస్తుంది. కొనొద్దనుకునే వాళ్ళకు కూడా పనికొస్తుంది.

ముందు తేడా చెప్పుకుందాం. మన చర్చిల్లో, పెళ్ళి బ్యాండ్లలో కనపడేది కీబోర్డు. దానికి ఎక్కువగా 61 కీలు ఉంటాయి, అంటే ఐదు స్థాయిలు. హార్మోనియం వాయించే పెద్దోళ్ళు వీటిని మెట్లు అంటారు. కీబోర్డులో వందల రకాల శబ్దాలు ఉంటాయి, తబలా ఉంటుంది, డ్రమ్ముల రిథమ్ దానంతట అదే వస్తుంది. బరువు తక్కువ, చంకలో పెట్టుకుని బైకు మీద పోవచ్చు. డిజిటల్ పియానో అట్టా కాదు. దానికి 88 కీలు, తెల్లవి 52, నల్లవి 36. శబ్దాలు పది పదిహేను మాత్రమే ఉంటాయి. చూసేదానికి బోసిగా ఉంటుంది. అందుకే తెలియనోళ్ళు "ఇంత డబ్బు పెట్టి ఇంత తక్కువ శబ్దాలా" అంటారు.

డబ్బు పెట్టేది శబ్దాలకు కాదు, కీలకు. అసలు పియానోలో కీ నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలోమియో క్రిస్టోఫోరి అనే ఆయన దీన్ని తయారు చేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డులో ఎంత గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. ఈయన చేసిన దాంట్లో మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా వస్తుంది. పియానో అనే పేరు కూడా దాన్నుంచే వచ్చింది. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు. కానీ కీ కింద సుత్తిని పోలిన బరువు ఉంటుంది, ఎడమ వైపు కీలు బరువుగా, కుడి వైపు పోయే కొద్దీ తేలికగా ఉంటాయి. మామూలు కీబోర్డులో ఉండేది స్ప్రింగు. రెంటి మీదా ఒకే పాట వాయించి చూడండి, వేళ్ళకే తెలుస్తుంది.

మా చెల్లి చర్చిలో వాయించే అన్న దగ్గర కీబోర్డు నేర్చుకుంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది, తర్వాత మన మెట్ట ప్రాంతానికీ వచ్చింది. అట్టా మన కాలనీలకు కీబోర్డు చప్పుడు కొత్త కాదు. కానీ చర్చిలో ఉండేది పాత కీబోర్డు, ఎట్టా నొక్కినా ఒకటే శబ్దం. చెల్లి ఇంటర్ అయినాక ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ గ్రేడ్ పరీక్ష రాయాలనుకుంది. ఆ పరీక్షల్లో పియానోకు వేరే సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే సిలబస్. చెల్లి పియానో అనింది. అక్కడ మొదలైంది మా ఇంట్లో లెక్క.

కాబట్టి మొదటి మాట ఇది. ఎవరు వాయిస్తారు, ఏం వాయిస్తారు అనేది తేల్చుకోకుండా షాపుకి పోవద్దు. చర్చిలో, పెళ్ళిళ్ళలో, పాటకచేరీలో వాయించే దానికైతే 61 కీల కీబోర్డే మేలు. రిథమ్ కావాలి, తబలా కావాలి, మోసుకుని పోవాలి. చిన్నపిల్లలకు సరదాగా నేర్పించే దానికీ అదే చాలు, కాకపోతే నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారేది తీసుకోండి. దాన్ని టచ్ అంటారు. టచ్ లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు. పియానో నేర్చుకుని పరీక్షలు రాయాలి, రేపు నలుగురికి నేర్పాలి అనుకుంటేనే 88 కీలు, అదీ బరువు కీలు ఉన్నది కొనాలి. ఆన్‌లైన్లో 88 కీలు అని రాసి పదిహేను వేలకు అమ్మేవి ఉన్నాయి. వాటిలో చానా వాటికి బరువు ఉండదు. 88 అనే అంకె ఒక్కటే చూసి డబ్బు కట్టొద్దు. "హామర్ యాక్షన్" అనే మాట ఉందా లేదా చూడండి.

ఇంకో మాట పాలీఫొనీ. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవు అనేది. ఉన్నది పది వేళ్ళే కదా, అరవై నాలుగు ఎందుకు అని మా నాయన అడిగినాడు. కాలి కింద పెడల్ తొక్కితే ముందు నొక్కిన స్వరాలు ఆగకుండా మోగతానే ఉంటాయి. వాటి మీద కొత్తవి వచ్చి చేరతాయి. లెక్క దాటితే పాతవి తెగిపోతాయి. నేర్చుకునే వాళ్ళకు 64 చాలు.

మేం మూడు మోడళ్ళు చూసినాం. యమహా పి-45: పాలీఫొనీ 64, బరువు 11.5 కిలోలు. దీని తర్వాత 2023లో పి-145 వచ్చింది, కానీ మేం తిరిగినప్పుడు పాతదీ దొరకతా ఉండింది. రోలాండ్ ఎఫ్‌పి-10: పాలీఫొనీ 96, బరువు 12.3 కిలోలు. ముగ్గురిలో కీలు దీనివే బాగున్నాయని చెల్లి అనింది. క్యాసియో సిడిపి-ఎస్110: పాలీఫొనీ 64, బరువు పదిన్నర కిలోలు. మూడూ నేర్చుకునే వాళ్ళకు సరిపోయేవే. ధరలు రోజుకొకటి చెప్తారు. మేం అడిగినప్పుడు నలభై వేలకు అటూ ఇటూ ఉన్నాయి, రోలాండ్ కొంచెం ఎక్కువ.

పేపర్ మీద చూస్తే రోలాండ్ కొనాలి. మా ఇంటిని చూసుకుంటే క్యాసియో కొనాలి. ఎందుకంటే అది గడియారంలో వేసే చిన్న సెల్లులు ఆరు వేస్తే కూడా మోగుతుంది. ఎండాకాలంలో గాలిదుమ్ము లేస్తే మా కాలనీలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. చెల్లికి దొరికే టైము రాత్రి ఎనిమిది తర్వాతే. ఆ టైములో కరెంటు లేకపోతే ఆ రోజు పాఠం లేనట్టే. బొమ్మల పుస్తకంలో ఏది గొప్పదో చూసుకోవడం వేరే, మన వీధిలో ఏది మోగుతుందో చూసుకోవడం వేరే.

ఇంటి సంగతి ఇంకా ఉంది. 88 కీల పియానో పొడవు దాదాపు నాలుగడుగుల నాలుగంగుళాలు. కాలనీ ఇంట్లో మంచం, బీరువా, బియ్యం డ్రమ్ము పోను ఎంత గోడ మిగులుతుందో టేపుతో కొలుచుకోండి. రేకుల కింద నీళ్ళు కారే చోట, కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టొద్దు. వాయించనప్పుడు పాత చీర మడిచి కప్పండి, దుమ్ము కీల సందుల్లో పడకూడదు. చీమలు కూడా దూరతాయి. అడాప్టరు దానిదే వాడాలి, ఇంకో దాని అడాప్టరు దూరింది కదా అని పెడితే లోపల కాలిపోతుంది. ఇయర్‌ఫోన్ పెట్టే బొక్క తప్పకుండా ఉండాలి. గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్ళు మనవి. పక్కింటి పెదనాయన తెల్లారుజామున నాలుగింటికి చేపలకు పోవాలి, ఆయన నిద్ర చెడగొట్టి మనం సంగీతం నేర్చుకోకూడదు.

ఇక షాపు సంగతి. ఒక పట్నంలో ఒక షాపుకి పోయినాం, పేరు అక్కర్లేదు. నాయన లుంగీ మీద వచ్చినాడు, చెప్పులు గుమ్మం బయట విడిచినాడు. అక్కడ ఎవరూ విడవలేదు. లోపల ఉండే అతను మమ్మల్ని చూసి "చర్చికా?" అన్నాడు. ఇంటికి అన్నాం. నవ్వి, చిన్నపిల్లలు ఆడుకునే చిన్న కీబోర్డు తీసి ముందు పెట్టినాడు. 88 కీలది చూపించమంటే, "అది కొనేవాళ్ళు వస్తేనే కవరు తీస్తాం" అన్నాడు. చెల్లి ఏమీ అనలేదు. నాయనే "పదండమ్మా" అన్నాడు. బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. బుచ్చిరెడ్డిపాళెం దాటినాక నాయన ఒక్క మాటన్నాడు. "ముట్టుకోకుండా కొనే వస్తువు మనకొద్దు."

కోపంతో అన్న మాటే కానీ, పియానో కొనే వాళ్ళందరికీ అదే మొదటి సూత్రం. చెల్లి చెన్నైలో మేనత్త ఇంటికి పోయినప్పుడు అక్కడి షాపులు తిరిగింది. చెన్నై మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్ అనే షాపు 1842 నుంచీ ఉంది, అప్పట్లో దాని పేరు మిస్క్విత్ అండ్ కో. ఇట్టా పాత షాపులు, కొత్త షాపులు కలిపి అక్కడ నాలుగైదు మోడళ్ళు పక్కపక్కనే పెట్టి ఉంటాయి. ఒకే పాటను అన్నింటి మీదా మెల్లగా వాయించి చూడాలి. గట్టిగా ఎవరైనా వాయిస్తారు, మెల్లగా నొక్కినప్పుడు శబ్దం తెగిపోకుండా వస్తుందా అనేదే పరీక్ష. పోయేటప్పుడు మీ ఇయర్‌ఫోన్ తీసుకుని పోండి, షాపులో రద్దీ చప్పుడులో స్పీకరు సంగతి తెలియదు.

డబ్బు దగ్గరే అసలు కథ. నాయన నిమ్మతోటలో కాపలా, అమ్మ కూలి. తోట ఆసామి మంచిగానే అడిగినాడు. "ఏందయ్యా, పాపకు ఏదో కొనాలంట కదా. యాభై వేలు అడ్వాన్సు తీసుకో. మీరిద్దరూ రెండేళ్ళు ఈడనే ఉండండి." వింటే సాయం లాగే ఉంటుంది. అడ్వాన్సు అంటే ఏందో యానాదులకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మా తాత ఒక పెళ్ళికి ఎత్తుకున్న అడ్వాన్సు మా నాయన బడి మానేసే దాకా తీరలేదు. కట్టుబానిస పద్ధతి రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చినాక కాగితం పోయింది, మాట మిగిలింది. ఆ మాటే ఇప్పుడు అడ్వాన్సు. నాయన ఆసామికి దణ్ణం పెట్టి "వద్దులే సామీ" అని వచ్చేసినాడు. ఇంటికొచ్చి చెల్లితో "పియానో కొంటాం. కొంచెం లేటవుద్ది. నా కాళ్ళు కట్టేసి మాత్రం కొనను" అన్నాడు. ఆ లేటు పద్నాలుగు నెలలు.

ఆ పద్నాలుగు నెలల్లో మేం అన్నదమ్ములం సెలవుల్లో నెల్లూరులో పనికి పోయి పదకొండు వేలు కూడబెట్టినాం. అమ్మానాయన ఆరు వేలు తీసినారు. ఇంకా పాతిక వేలు కావాలి. అమ్మ పొదుపు సంఘంలో అడిగింది. పొదుపు సంఘాలంటే మన జిల్లాకు ఇంకో అర్థం ఉంది. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం అనగానే రాష్ట్రమంతా తలుచుకునేది మన కలిగిరి మండలం దూబగుంటను, రోశమ్మను. సారా మానిపించిన ఆడోళ్ళే ఆ డబ్బు రోజుకు రూపాయి చొప్పున దాచుకుందామని పొదుపు లక్ష్మి మొదలుపెట్టినారు. అట్టాంటి సంఘం మీటింగులో అమ్మ లేచి నిలబడి పియానో అనింది. ఒక అక్క అడిగింది: "గేదెను కొంటే పాలొస్తాయి. దీన్ని కొంటే ఏమొస్తుంది?"

న్యాయమైన ప్రశ్న. సంఘం డబ్బు అందరిదీ, అడిగే హక్కు ఉంది. చెల్లి ఒక కాగితం మీద లెక్క రాసుకుని పోయింది. ఆత్మకూరులో పిల్లలకు కీబోర్డు నేర్పమని అడిగే ఇళ్ళు ఎన్ని, నెలకు ఎంత ఇస్తారు, కంతు ఎంత పడుతుంది. నలుగురు పిల్లలు, తలకు మూడు వందలు, మొత్తం 1,200. కంతు వడ్డీతో కలిపి 1,400 దాకా. మిగిలిన రెండు వందలు ఇంట్లో నుంచి. ఆ అక్క కాగితం తీసుకుని చూసి, "మా మనవరాలిని కూడా వేసుకో, ఐదుగురు" అనింది. లోను వచ్చింది. ఇప్పుడు తొమ్మిది కంతులు కట్టినాం, పదకొండు ఉండాయి. ఒక నెల ఇద్దరు పిల్లలు మానేసినారు, ఆ నెల కోళ్ళు అమ్మినాం. అది కూడా రాస్తున్నాం, అంతా సాఫీగా పోతుందని ఎవరూ అనుకోకూడదు.

కొనేటప్పుడు వంక పెట్టొద్దు కానీ ఇవి అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం. పెడల్ పెట్టెలో వస్తుందా, వేరే కొనాలా అడగండి. కంతుల మీద తీసుకుంటే "వడ్డీ లేదు" అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే 88 కీలూ ఒక్కొక్కటే మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కి చూడండి. ఏదైనా కీ ఒక్కసారిగా పెద్ద శబ్దం చేస్తే లోపల అరిగినట్టు. సెల్లులు పెట్టే చోట తుప్పు ఉందేమో చూడండి. స్టాండు మేం కొనలేదు. ఎక్స్ ఆకారంలో ఉండే సన్న స్టాండు మీద 88 కీలది ఊగుతుంది. ఉదయగిరి చెక్క గరిటెలకు, స్పూన్లకు పేరున్న ఊరు, జీఐ గుర్తింపు కూడా ఉంది. చెక్క పని తెలిసినోళ్ళకు మన దగ్గర కొదవ లేదు. తెలిసిన వడ్రంగి మామతో బల్ల చేయించినాం. నేల నుంచి కీల పైభాగం దాకా రెండడుగుల ఐదంగుళాలు ఉండాలని చెల్లి చెప్పింది, ఆయన సరిగ్గా అంతే చేసినాడు. మోచేయి, కీలు ఒకే ఎత్తులో ఉంటే చేతులు నొప్పి పుట్టవు.

ఇంకో మాట మనోళ్ళే అడిగినారు. పియానో వస్తే మన పాట పోదా? ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. మన అవ్వలు పాడే పాటలో స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారుతుంది. పియానోలో రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. ఇదే కారణం చెప్పి ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని పక్కన పెట్టింది. ఆ వాదంలో నిజం ఉంది. మా అవ్వ పాడతా ఉంటే చెల్లి తోడు వాయించబోయింది. అవ్వ "నా పాటను గళ్ళల్లో పెడతా ఉండావే" అనింది. అప్పటి నుంచి చెల్లి ఆ పాట వాయించదు. ఎడమ చేత్తో ఒక్క శ్రుతి పట్టుకుని ఉంటుంది, అవ్వ దాని మీద తన ఇష్టం వచ్చినట్టు పాడుతుంది. ట్రాన్స్‌పోజ్ అని ఒక సదుపాయం ఉంది, అవ్వ గొంతు ఎత్తుకు తగ్గట్టు శ్రుతి మార్చుకోవచ్చు. ఇంకా సన్నగా సరిచేసుకునే ట్యూనింగ్ కూడా ఉంది. ఫోన్లో ఇప్పటికి పదకొండు పాటలు రికార్డు చేసినాం. పియానో రాకముందు ఆ పాటలు ఎవరూ అడిగి పాడించుకోలేదు. అవ్వ కూడా పనిలో పాడుకోవడమే తప్ప ఎవరి ముందూ కూర్చుని పాడలేదు.

సంగీతం అన్నం పెడుతుందా అని కూడా అడుగుతారు. ఏ.ఆర్. రెహమాన్‌కు తొమ్మిదేళ్ళప్పుడు, 1976లో, తండ్రి చనిపోయినాడు. తండ్రి వదిలిపెట్టిన సంగీత వాయిద్యాలను అద్దెకిచ్చి వాళ్ళ అమ్మ ఇల్లు నడిపింది. అందరూ రెహమాన్లు అవుతారని దీనర్థం కాదు. వాయిద్యం ఇంట్లో ఉంటే అది ఒక ఆస్తి, చేతిలో ఉంటే ఒక పని అని మాత్రమే. చెల్లి డిగ్రీ మానలేదు, మానకూడదని ఇంట్లో షరతు. నిన్న సంఘం అక్క మనవరాలు రెండు చేతులతో మొదటి పాట వాయించింది. నాయన వాకిట్లో కూర్చుని విన్నాడు. "మెల్లగా నొక్కినప్పుడే బాగుండాది" అన్నాడు. క్రిస్టోఫోరి కూడా మూడు వందల ఏళ్ళ కింద అదే అనుకుని ఉంటాడు.

యానాదులైనా, ఎరుకలైనా, సుగాలీలైనా, మన పిల్లల్లో ఎవరైనా పియానో కావాలంటే ముందు ఎందుకని అడగండి, ఆ తర్వాత లెక్క వేయండి. లెక్క కుదరకపోతే టచ్ ఉన్న 61 కీలది కొనండి, తప్పేం లేదు. దేనికైనా సరే అడ్వాన్సు మాత్రం ఎత్తుకోవద్దు. మన మండలాల్లో బరువు కీలు ముట్టుకుని చూసే షాపు మాకు కనపడలేదు. కాబట్టి కొనే ముందు ఆత్మకూరు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. కవరు తీసే ఉంటుంది. చెప్పులు ఎక్కడ విడవాలో ఎవరూ చూడరు.